డ్రైవరు నడత – బాడుగ బండి నుంచి యాప్ దాకా: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బాడుగ వాహనం నడిపేవారి నడతను సరిదిద్దడానికి వేర్వేరు కాలాల్లో రాజ్యం, వృత్తి సముదాయం, వ్యాపార సంస్థ వేర్వేరు మార్గాలు అనుసరించాయి. ప్రాచీన ధర్మశాస్త్ర నియమాలు, 19వ శతాబ్దపు బాడుగ బండి చట్టాలు, 20వ శతాబ్దపు మోటారు వాహన చట్టాలు, నేటి యాప్ రేటింగ్ పద్ధతి – ఈ నాలుగింటినీ ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. ఇద్దరికీ ముందే తెలిసిన ధర, ఒకరికొకరు గుర్తించగల ముఖం, తగవు విని తీర్పు చెప్పే మూడో మనిషి ఉన్నప్పుడే మంచి నడతను కోరడం న్యాయంగా ఉంటుందని ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు నగర అనుభవాన్ని ప్రధాన దృష్టాంతంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: బాడుగ, సారథి, ఆటో స్టాండు, మీటరు, యాప్ రవాణా, రేటింగ్, వృత్తినీతి, మోటారు వాహన చట్టం, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో యాప్ ద్వారా కారునో ఆటోనో పిలిచినవారికి రెండు ప్రశ్నలు సుపరిచితం. బుకింగ్ ఖరారైన నిమిషంలోపే ఫోను మోగుతుంది. అటునుంచి "డ్రాప్ ఎక్కడ సార్?" అని ఒక ప్రశ్న, "క్యాషా, ఆన్‌లైనా?" అని మరో ప్రశ్న. జవాబు నచ్చకపోతే ఫోను పెట్టేస్తారు. కాసేపటికి బుకింగ్ రద్దవుతుంది. నిలబడి ఉన్న ప్రయాణికుడికి ఇది డ్రైవరు నీతికి సంబంధించిన విషయంగా తోస్తుంది. ఒప్పుకున్న మాట తప్పాడని, అబద్ధపు కారణం చెప్పాడని, తనచేతే రద్దు చేయించాలని చూశాడని కోపం వస్తుంది. ఆ కోపం సహజమైనదే.

ఈ సమస్య మీద జరిగే చర్చ సాధారణంగా ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తుంది. డ్రైవర్లకు శిక్షణ ఇవ్వాలి, మర్యాద నేర్పాలి, తప్పు చేసినవారిని తొలగించాలి అన్నవి పరిష్కారాలుగా వినిపిస్తాయి. ఇవి అనవసరం కావు. అయితే డ్రైవరు నడత గురించిన ఆందోళన యాప్‌తో పుట్టినది కాదు. బాడుగకు బండి కట్టిన నాటినుంచీ అది ఉన్నది. ఆ ఆందోళనకు పూర్వులు చెప్పిన సమాధానాలలో కొన్ని నేటి సమాధానాల కంటే సమగ్రమైనవి. వాటిని కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ఒక పరిమితి ముందే చెప్పుకోవాలి. ప్రయాణికుల మీద దాడి, స్త్రీల పట్ల అసభ్య ప్రవర్తన, తాగి నడపడం వంటివి నేరాలు. ఏ ఆర్థిక కారణమూ వాటికి సమర్థన కాజాలదు. రావడానికి నిరాకరించడం, ఎక్కువ అడగడం, రద్దు చేయడం, దురుసుగా మాట్లాడడం వంటి నిత్యవ్యవహారపు నడత ఈ వ్యాసానికి ప్రధాన విషయం.

2. సారథి, స్వామి: ప్రాచీన భావనలు

తెలుగులో 'శల్యసారథ్యం' అనే పలుకుబడి ఉన్నది. పక్కనే ఉండి పని చెడగొట్టే తోడుకు అది పేరు. తిక్కన తెలుగు చేసిన ఉద్యోగ, కర్ణ పర్వాలు చదివినవారికి శల్యుని కథ తెలిసినదే. పాండవుల వైపు బయలుదేరిన శల్యుడు దారిలో దుర్యోధనుని ఆతిథ్యం స్వీకరించి కౌరవ పక్షానికి కట్టుబడ్డాడు. తరువాత ధర్మరాజు అతణ్ణి కలిసి, కర్ణునికి సారథి అయినప్పుడు అతని ఉత్సాహాన్ని తగ్గించమని కోరాడు. సారథ్యానికి ఒప్పుకునే వేళ శల్యుడు తన నోటికి అడ్డు ఉండరాదని షరతు పెట్టాడు. అంటే శల్యుడు చెడ్డ సారథి కావడానికి కారణం రథం తోలే నేర్పు లేకపోవడం కాదు, ఒకరికి కట్టుబడి మరొకరికి మాట ఇవ్వడం. పలుకుబడి నిందను అతని మీదనే నిలిపింది గాని, కథ మాత్రం ఆ నడత వెనుక ఉన్న పరస్పర విరుద్ధమైన ఒప్పందాలను స్పష్టంగా చూపింది.

ధర్మశాస్త్రాలు ఇదే విషయాన్ని దండనీతి పరిభాషలో చెప్పాయి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బండి వల్ల కలిగే హాని గురించిన నియమాలు ఉన్నాయి. తోలేవాని నేర్పులేమి వల్ల బండి దారి తప్పి హాని జరిగితే దండుగ బండి యజమానికి పడుతుంది. తోలేవాడు నేర్పరి అయితే దండుగ అతనికే పడుతుంది. నేర్పులేని వాని బండి ఎక్కినందుకు ప్రయాణికులను కూడా దండించాలని ఆ స్మృతి చెప్పింది. వర్ణభేదాల మీద నిలిచిన ఆ స్మృతి నేటికి ప్రమాణం కాదు. అయినా ఒక చారిత్రకాంశం గమనించదగినది. నేర్పు లేనివానిని పనిలో పెట్టిన యజమాని తప్పించుకోలేడనే భావన అంత పాతది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నావాధ్యక్షుని ప్రకరణం మరింత దగ్గరి ఉదాహరణ. రేవు దాటడానికి మనుషులకు, పశువులకు, బరువులకు వేర్వేరు రుసుములు అందులో నిర్ణయమై ఉన్నాయి. తగిన సిబ్బంది, పరికరాలు లేనందువల్లనో, మరమ్మతు చేయనందువల్లనో పడవ మునిగితే నష్టాన్ని నావాధ్యక్షుడు భరించాలి. ధర ముందే ప్రకటించడం, ఏర్పాటు చేసినవాడే బాధ్యత వహించడం అనే రెండు సూత్రాలు ఇక్కడ జంటగా కనిపిస్తాయి.

3. బాడుగ బండి చట్టాలు

తెలుగులో 'బాడుగ' పాత మాట. సంస్కృత 'భాటక' శబ్దంతో దానికి సంబంధం ఉన్నది. ఉర్దూ ద్వారా వచ్చిన 'కిరాయి' తెలంగాణలో దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. ఈ రెండు మాటలూ ఒకే ఒప్పందాన్ని సూచిస్తాయి. వస్తువు ఒకరిది, వాడకం మరొకరిది, మధ్యలో సొమ్ము. ఈ ఒప్పందాన్ని నగర వీధుల్లో అదుపు చేయడానికి 19వ శతాబ్దంలో ప్రత్యేక చట్టాలు వచ్చాయి.

లండనులో 1843 నాటి బాడుగ బండ్ల చట్టం ప్రకారం తోలేవానికి లైసెన్సుతోపాటు లోహపు బిళ్ల ఇచ్చేవారు. దానిని కనబడేలా ధరించాలి. దుడుకుగా తోలడం, తాగి ఉండడం, దుర్భాషలాడడం ఆ చట్టంలో శిక్షార్హమైనవి. భారతదేశంలో 1861 నాటి స్టేజి క్యారేజీల చట్టం ఊళ్ల మధ్య తిరిగే గుర్రపు బండ్లకు వర్తించింది. బండి ఎంతమందిని ఎక్కించుకోవచ్చు, ఎంత సామాను మోయవచ్చు, ఎన్ని గుర్రాలు కట్టాలి అనే వివరాలు లైసెన్సులోనే ఉండేవి. యజమాని పేరు, నివాసం కూడా అందులో నమోదయ్యేవి. గుర్రాలను హింసించడం ఆ చట్టం కింద నేరం.

1879 నాటి బాడుగ బండ్ల చట్టం మరింత ముఖ్యమైనది. బ్రిటిషు పాలనలోని అనేక ప్రాంతాల పట్టణ సంఘాలకు అది నియమాలు చేసుకొనే అధికారం ఇచ్చింది. బండికి లైసెన్సు, కట్టే జంతువుల స్థితి, ఎక్కించుకోదగిన మనుషుల సంఖ్య, దూరాన్నిబట్టీ కాలాన్నిబట్టీ వసూలు చేయదగిన బాడుగ పరిమితి ఆ నియమాల పరిధిలోకి వచ్చాయి. ప్రయాణికులు బండిలో మరచిన వస్తువులను అప్పగించే పద్ధతికీ, వాటిని తిరిగి పొందే సొంతదారు చెల్లించవలసిన రుసుముకూ ఆ చట్టం చోటిచ్చింది. నిజాయితీని ఉపదేశంగా వదిలేయక, దానికి ఒక చిరునామానూ కొంత ప్రతిఫలాన్నీ ఏర్పరచింది.

ఆ చట్టంలోని ఇంకొక ఏర్పాటు నేటి పాఠకునికి ఆశ్చర్యం కలిగిస్తుంది. బాడుగ విషయంలో తగవు వస్తే దానిని మేజిస్ట్రేటు తేల్చవచ్చు. బండిని న్యాయస్థానానికే తోలమని ప్రయాణికుడు కోరవచ్చు. వలస ప్రభుత్వపు చట్టం కనుక అందులో బండివాని పట్ల అనుమానం, ప్రయాణించే దొరల పట్ల పక్షపాతం ఉండడం ఊహించదగినదే. అయినా నిర్మాణపరంగా చూస్తే మూడు అంశాలు దానిలో ఉన్నాయి. ఒకటి, తెలిసిన ధర. రెండు, గుర్తించగల మనిషి. మూడు, ఇద్దరికీ చెందని తీర్పరి. తరువాతి కాలపు ఏర్పాట్లను ఈ మూడింటితో పోల్చి చూడవచ్చు.

4. మీటరు, స్టాండు

మోటారు వాహనాలకు 1914లో, తిరిగి సమగ్రంగా 1939లో, ప్రస్తుతం అమలులో ఉన్న రూపంలో 1988లో చట్టాలు వచ్చాయి. 1988 చట్టం 67వ సెక్షను కింద ఛార్జీల నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నది. 178వ సెక్షను ప్రకారం పర్మిటు షరతులకు విరుద్ధంగా ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవడానికి నిరాకరించడం శిక్షార్హం. మూడు చక్రాల వాహనానికి దీని జరిమానా 50 రూపాయలకు మించదు. అంటే నేడు 'రైడ్ క్యాన్సిల్' అంటున్న తప్పిదానికి దగ్గరి పూర్వరూపం చట్టంలో ఎప్పటినుంచో ఉన్నది. జరిమానాకు భయపడి ఎవరూ మానలేదన్నది నగరవాసుల అనుభవం.

చట్టానికి వెలుపల ఆటో స్టాండు ఒక క్రమశిక్షణను నిర్మించుకున్నది. స్టాండులో వంతు ఉంటుంది. వంతు తప్పి గిరాకీ ఎక్కించుకొన్నవాడు తోటివారికి జవాబు చెప్పాలి. ఆ వీధిలోని వైద్యశాలకు, బడికి, మార్కెట్టుకు రోజూ వెళ్లేవారిని డ్రైవర్లు ముఖం చూసి గుర్తుపడతారు. పొద్దున మొదటి గిరాకీ 'బోణీ' కనుక దానిని వదులుకోవడానికి మనసొప్పదు. మరచిపోయిన నగల సంచిని పోలీసు స్టేషనులో అప్పగించిన ఆటో డ్రైవరుకు పోలీసు అధికారి శాలువా కప్పిన వార్తలు తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనబడతాయి. తెలుగు సినిమా ఈ నడతను ఆదర్శీకరించింది. 1961లో 'టాక్సీ రాముడు', 1995లో 'రిక్షావోడు', 1998లో 'ఆటో డ్రైవర్' – కాలానికొక వాహనం చొప్పున బాడుగ బండి నడిపేవాణ్ణి కథానాయకుణ్ణి చేసిన చిత్రాలు వచ్చాయి. వృత్తికి గౌరవం లభించే చోట నడతకు కూడా ఒక ఆసరా ఉంటుంది.

అయితే స్టాండును స్వర్ణయుగంగా వర్ణించడం సరికాదు. స్టాండు తనవారిని కాపాడినట్లు కొత్తవారిని కాపాడదు. రాత్రివేళ రైలు దిగి బయటికొచ్చిన ప్రయాణికుడు చుట్టుముట్టిన ఆటోల మధ్య ఒంటరి. మీటరు ఉన్నా తిరగదు, తిరిగినా ఎవరూ నమ్మరు. ఇందుకు డ్రైవర్ల దురాశ ఒక్కటే కారణం కాదు. హైదరాబాదులో ఆటో ఛార్జీలను 2014లో మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలుగా, ఆపై కిలోమీటరుకు 11 రూపాయలుగా సవరించారు. ఆ తర్వాత ఇంధనం, విడిభాగాలు, ఇంటి అద్దె అన్నీ పెరిగినా ఏళ్ల తరబడి ఆ రేటు కదలలేదు. మీటరు ప్రకారం నడిపితే నష్టం, నడపకపోతే నేరం అనే స్థితిలో మీటరు అలంకారప్రాయమైంది. ప్రకటించిన ధర ఉంటే చాలదు, అది బతకడానికి సరిపోయేదిగా ఉండాలి. ధర చచ్చిన చోట మాట కూడా చస్తుంది. యాప్‌ను ప్రయాణికులు చేతులు చాచి ఆహ్వానించడానికి నేపథ్యం ఇదే.

5. యాప్ రాక

ఓలా 2010లో స్థాపితమైంది. ఊబర్ 2013 ఆగస్టులో బెంగళూరులో సేవలు ప్రారంభించి, త్వరలోనే హైదరాబాదుకు విస్తరించింది. 2015లో రాపిడో వచ్చింది. బేరమాడనవసరం లేకపోవడం, బండి ఎక్కకముందే ధర తెలియడం, డ్రైవరు పేరు, ఫోటో, బండి నంబరు ఫోనులో కనబడడం – ఈ మూడూ నిజమైన మేళ్లు. ప్రత్యేకించి ఒంటరిగా ప్రయాణించే స్త్రీలకు, నగరానికి కొత్తగా వచ్చిన విద్యార్థులకు అవి చిన్న విషయాలు కావు.

ముఖం తెలిస్తే చాలునన్న నమ్మకం త్వరలోనే దెబ్బతిన్నది. 2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్ కారు ఎక్కిన యువతిపై డ్రైవరు అత్యాచారానికి ఒడిగట్టాడు. ఢిల్లీ ప్రభుత్వం ఆ సేవను నిషేధించింది. డ్రైవరు పూర్వచరిత్రను ఎవరు పరిశీలించాలి, సంస్థ రవాణా సంస్థా లేక కేవలం సమాచార సంధానకర్తా అనే ప్రశ్నలు దేశమంతటా చర్చకు వచ్చాయి. యాప్‌లలో ఆపద మీట, ప్రయాణ మార్గాన్ని బంధువులకు పంపే సదుపాయం ఆ తరువాత చేరాయి. 2016లో కర్ణాటక ప్రభుత్వం ఈ సంస్థలకు ప్రత్యేక నియమావళి తెచ్చింది.

ఇదే కాలంలో మరో మార్పు జరిగింది. తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సు ఉన్నవారు అదే తరగతికి చెందిన రవాణా వాహనం నడపడానికి ప్రత్యేక అనుమతి అవసరం లేదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024లో రాజ్యాంగ ధర్మాసనం దానిని సమర్థించింది. ఉపాధి దృష్ట్యా ఇది మేలైన తీర్పే కావచ్చు. చరిత్ర దృష్ట్యా మాత్రం, బాడుగ వాహనం నడపడం ప్రత్యేక గుర్తింపు కోరే వృత్తి అనే పాత భావన దీనితో సడలింది. గుర్తింపు కేంద్రం రవాణా కార్యాలయం నుంచి కంపెనీ సర్వరుకు మారింది.

హైదరాబాదుకు ఈ చరిత్రలో ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. అంతవరకు నగదు తీసుకోని ఊబర్, నగదు తీసుకొనే పద్ధతిని 2015 మే నెలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది ఇక్కడే. ఉపోద్ఘాతంలో పేర్కొన్న 'క్యాషా, ఆన్‌లైనా' అనే ప్రశ్నకు మూలం ఆ ద్వంద్వ పద్ధతిలో ఉన్నది. నగదు అయితే డ్రైవరు చేతిలో అప్పుడే పడుతుంది. సాయంత్రం ఇంధనానికి, మరునాటి వాయిదాకు పనికొస్తుంది. ఆన్‌లైన్ అయితే కంపెనీ లెక్క తేలేదాకా ఆగాలి. ప్రయాణికుడికి సౌకర్యంగా ఉన్న ఎంపిక డ్రైవరుకు రోజువారీ రొక్కపు సమస్య అయింది.

6. నక్షత్రాల తీర్పు

యాప్ వచ్చాక డ్రైవర్ల పదజాలం మారింది. 'గిరాకీ' పోయి 'బుకింగ్' వచ్చింది. 'స్టాండు' పోయి 'లాగిన్' వచ్చింది. 'లైసెన్సు రద్దు' కంటే 'ఐడీ బ్లాక్' ఎక్కువ భయపెట్టే మాట అయింది. ఈ మార్పు కేవలం భాషాపరమైనది కాదు. నడతకు తీర్పరి ఎవరన్న విషయంలో వచ్చిన మార్పును అది సూచిస్తుంది.

ప్రయాణం ముగిశాక ప్రయాణికుడు ఒకటి నుంచి ఐదు నక్షత్రాల దాకా ఇస్తాడు. ఊబర్‌లో గత 500 ప్రయాణాల సగటు డ్రైవరు రేటింగ్ అవుతుంది. తక్కువ నక్షత్రాలకు కారణం ట్రాఫిక్ కావచ్చు, యాప్ చూపిన తప్పుదారి కావచ్చు, పెరిగిన ఛార్జీ మీది కోపం కావచ్చు, డ్రైవరు భాషో యాసో నచ్చకపోవడం కావచ్చు. అంకెలో ఇవన్నీ ఒకటే. తన వాదన చెప్పుకొనే అవకాశం అంకెలో లేదు.

ఇక్కడ చట్టంతో పోలిక అవసరం. 1988 చట్టం 19వ సెక్షను ప్రకారం లైసెన్సు అధికారి డ్రైవరును అనర్హుడిగా ప్రకటించాలంటే ముందు అతని వాదన వినాలి, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. అలవాటైన తాగుబోతుకు సైతం ఆ అవకాశం ఉన్నది. రాజ్యం పాటించవలసిన ఈ కనీస న్యాయం, అదే మనిషి జీవనోపాధిని ఒక్క మీటతో ఆపగల సంస్థకు చాలాకాలం వర్తించలేదు.

రేటింగ్ స్వభావాన్ని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న ఊబర్ కేసులో ఇచ్చిన తీర్పులో విశ్లేషించింది. ఆ రేటింగులు ప్రయాణికులు తమకు నచ్చిన డ్రైవరును ఎంచుకోవడానికి ఉపయోగపడేవి కావని, సంస్థ డ్రైవర్ల పనితీరును అదుపు చేయడానికి వాడే సాధనమని న్యాయస్థానం గుర్తించింది. ఛార్జీ నిర్ణయం, ఒప్పందపు షరతులు, బుకింగుల అంగీకారంపై నిఘా వంటి అంశాలతో కలిపి చూసి, ఆ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారని, చట్టరక్షణకు అర్హులైన పనివారని తేల్చింది. ఆ తీర్పు భారతదేశానికి వర్తించదు. కాని అందులోని తర్కం ఇక్కడి ప్రశ్నకు సూటిగా తగులుతుంది. నడతను శాసించేవాడు యజమాని బాధ్యతను తప్పించుకోగలడా? మనుస్మృతి నాటి ప్రశ్న మరో రూపంలో తిరిగి వచ్చింది.

7. 2022 మే: ఒక దృష్టాంతం

రద్దుల సమస్య 2022 మే నెలలో జాతీయ స్థాయికి చేరింది. వినియోగదారుల వ్యవహారాల శాఖ యాప్ రవాణా సంస్థలతో సమావేశమైంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఊబర్‌లకు నోటీసులు ఇచ్చింది. బుకింగ్ అంగీకరించాక ప్రయాణికునిచేత రద్దు చేయించడం, రద్దు రుసుము, ఛార్జీల నిర్ణయ పద్ధతి, ఆన్‌లైన్ చెల్లింపు నిరాకరణ ఫిర్యాదులలో ముఖ్యమైనవి.

అదే నెలలో ఊబర్ కొన్ని మార్పులు ప్రకటించింది. చెల్లింపు నగదా ఆన్‌లైనా అన్నది డ్రైవరుకు ముందే కనిపించేలా చేసింది. గమ్యాన్ని ముందుగా చూపే సదుపాయాన్ని, కొన్ని షరతులతో, ఎంపిక చేసిన నగరాల్లో ప్రవేశపెట్టింది.

ఈ సంఘటన ప్రాముఖ్యం ఇక్కడ ఉన్నది. అప్పటిదాకా 'డ్రాప్ ఎక్కడ?', 'క్యాషా?' అనే ప్రశ్నలు డ్రైవరు దుర్గుణానికి గుర్తులుగా కనిపించాయి. నిజానికి అవి సమాచారలోపానికి గుర్తులు. ఎంత దూరం పోవాలో, ఎటువైపు పోవాలో, తిరుగు ప్రయాణంలో గిరాకీ దొరుకుతుందో లేదో తెలియకుండానే అంగీకారం చెప్పమని యాప్ అడిగింది. స్టాండులోని డ్రైవరు ఏ కాలంలోనూ అలా అంగీకరించలేదు. ప్రయాణికుడు ఊరిపేరు చెప్పాకే అతడు తల ఊపేవాడు. దాచిన సమాచారాన్ని ఫోను చేసి రాబట్టుకోవడాన్ని సంస్థ 'తప్పు నడత' అన్నది. ఒత్తిడి వచ్చాక అదే సమాచారాన్ని తెరమీద చూపింది. నడత మారాలని ఉపదేశించడం కంటే ఏర్పాటును మార్చడం సూటి మార్గమని సంస్థ తానే ఒప్పుకొన్నట్లయింది.

8. చల్లగాలి ఖర్చు ఎవరిది?

హైదరాబాదులో 2022 వేసవి మొదట్లో, తిరిగి 2024 ఏప్రిల్‌లో యాప్ కారు డ్రైవర్లు ఏసీ వేయబోమని ప్రకటించి ప్రచారోద్యమం నడిపారు. ఇంధనం ధర పెరిగినా కిలోమీటరుకు తమకు దక్కే మొత్తం పెరగలేదని, ఏసీ వేస్తే మిగిలేదేమీ లేదని వారి వాదన. ప్రీపెయిడ్ టాక్సీల మాదిరి నిర్ణీత ఛార్జీలు కావాలన్నది 2024లో వారి కోరిక. ఎండలో ఏసీ కారుకు డబ్బు చెల్లించిన ప్రయాణికుడికి ఇది మోసంగా తోచింది. అతని వైపు న్యాయం ఉన్నది. డ్రైవరు వైపు కూడా ఉన్నది. చెల్లించినవాడూ చెమటోడ్చినవాడూ కారులో ఎదురుబడి వాదించుకొన్నారు. ధర నిర్ణయించిన సంస్థ ఆ కారులో లేదు.

1879 నాటి ప్రయాణికుడికి బాడుగ పరిమితి తెలుసు, బండివానికీ తెలుసు. తగవు వస్తే ఇద్దరూ మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. 2024 నాటి ప్రయాణికుడికి తాను చెల్లించేది మాత్రమే తెలుసు. డ్రైవరుకు తనకు దక్కేది మాత్రమే తెలుసు. మధ్యలోని లెక్క ఇద్దరికీ తెలియదు. తెలియని ధర మీద నిలబడి మర్యాదగా మెలగడం ఇద్దరికీ కష్టమే.

9. చట్టం తిరిగి ప్రవేశించడం

2019 సవరణ ద్వారా మోటారు వాహన చట్టంలోకి ఈ సంస్థలకు నిర్వచనం వచ్చింది. లైసెన్సు లేకుండా నడిపే సంస్థకు 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా ఏర్పడింది. 2020 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. డ్రైవరుకు 5 రోజుల్లో 30 గంటల ప్రారంభ శిక్షణ, అందులో స్త్రీల పట్ల మర్యాద, ప్రథమ చికిత్స వంటి అంశాలు వాటిలో ఉన్నాయి. రోజుకు 12 గంటలకు మించి నడపరాదని, ఆరోగ్య, జీవిత బీమాలు సంస్థ కల్పించాలని, ఛార్జీలో కనీసం 80 శాతం డ్రైవరుకు చేరాలని అవే మార్గదర్శకాలు చెప్పాయి. నడతకు సంబంధించిన నియమాలు, బతుకుకు సంబంధించిన నియమాలు ఒకే పత్రంలో పక్కపక్కన ఉండడం ఇందులోని విశేషం. కారణం లేకుండా రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలకు మించకుండా, రుసుము విధించవచ్చు. 2025 జూలైలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు రద్దీవేళ ఛార్జీ పరిమితిని ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్లకు పెంచాయి. అయితే ఇవి మార్గదర్శకాలు. అమలు రాష్ట్రాల చేతిలో ఉన్నది.

మూడో మనిషిని తిరిగి తెచ్చే ప్రయత్నాలు రాష్ట్రాలలో మొదలయ్యాయి. రాజస్థాన్ 2023లో వేదిక ఆధారిత పనివారి నమోదు, సంక్షేమాల కోసం చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టంలో పనివారిని తొలగించడానికి సరైన కారణం, 14 రోజుల ముందస్తు నోటీసు అవసరమన్న నిబంధన ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఇటువంటి బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. నీతి ఆయోగ్ 2022 నివేదిక అంచనాలో 2020-21 నాటికే దేశంలో ఇటువంటి పనివారు 77 లక్షలు. సంఖ్యాపరంగా కూడా ఇది చిన్న ప్రశ్న కాదు.

ఇందుకు ఎదురుగా మరో పోకడ కనిపిస్తున్నది. 2025 ఫిబ్రవరిలో ఊబర్ ఆటోల విషయంలో కమీషన్ పద్ధతి వదిలి, డ్రైవరునుంచి చందా తీసుకొనే పద్ధతికి మారింది. తెరమీది ఛార్జీ సూచన మాత్రమే. సొమ్ము నేరుగా డ్రైవరుకే చేరుతుంది. డ్రైవరుకు పూర్తి మొత్తం దక్కడం మేలే. కాని సంస్థ తీర్పరి స్థానం నుంచి, బాధ్యత నుంచి ఏకకాలంలో తప్పుకునే అవకాశం ఇందులో ఉన్నది. యాప్ తొలగించిందనుకున్న బేరం యాప్ ద్వారానే తిరిగి వస్తే, 2014కు ముందటి స్టేషను బయటి దృశ్యం ఫోను తెరమీద పునరావృతమవుతుంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

• బాడుగ వాహనం నడిపేవాని నడత ప్రాచీనకాలం నుంచీ సామాజిక విషయమే. యజమాని లేదా నిర్వాహకుని బాధ్యతతో ముడిపెట్టి దానిని చూడడం కూడా అంతే ప్రాచీనం.
• 19వ శతాబ్దపు చట్టాలు ధర, గుర్తింపు, తీర్పు అనే మూడింటినీ కలిపి ఏర్పాటు చేశాయి. ఆటో స్టాండు గుర్తింపును నిలబెట్టుకున్నది. సవరణ లేని మీటరు ధరను పోగొట్టుకున్నది.
• యాప్ గుర్తింపును మునుపెన్నడూ లేనంతగా బలపరచింది. ధరలోని లెక్కను ఇద్దరి కళ్ల నుంచీ మరుగుపరచింది. తీర్పరి స్థానాన్ని వ్యవహారంలో లాభం ఉన్న పక్షానికే అప్పగించింది.
• 2022 మే సంఘటన, ఏసీ వివాదం చూపినట్లు, వ్యక్తి దోషంగా కనబడే నడతలో చాలా భాగం ఏర్పాటులోని దోషం.

కనుక డ్రైవర్లలో నైతిక ప్రవర్తనను ప్రోత్సహించడమంటే శిక్షణ తరగతులు, నక్షత్రాలు మాత్రమే కాదు. ప్రయాణికుడు చెల్లించినదీ డ్రైవరుకు చేరినదీ ఒకే రసీదులో ఇద్దరికీ కనబడాలి. ప్రభుత్వం నిర్ణయించే ఛార్జీలు నిర్ణీత కాలవ్యవధిలో సవరణ పొందాలి. ఐడీ ఆపే ముందు డ్రైవరు మాట వినే, ఫిర్యాదు చేసిన ప్రయాణికునికి కూడా జవాబు చెప్పే స్వతంత్ర వేదిక ఉండాలి. మంచి నడతకు గుర్తింపు సంవత్సరానికొక శాలువాగా కాక రోజువారీ ఆదాయంలో కనబడాలి.

ఇవన్నీ సమకూరాక కూడా మాట తప్పే డ్రైవరు ఉంటాడు. అప్పుడు అతణ్ణి నిలదీసే నైతిక హక్కు ప్రయాణికునికి, సమాజానికి పూర్తిగా ఉంటుంది. అంతవరకు మనం శల్యుణ్ణి మాత్రమే నిందిస్తూ, అతణ్ణి ఆ రథం మీద కూర్చోబెట్టిన ఒప్పందాలను చదవకుండా వదిలేస్తున్నట్లే.